మూడు వాయిదాలు, ఒక ఫర్ కొమ్మ

నెటిల్ లేక్, మిన్నెసోటా
ఆగస్టు 22, 1966

ఒసేయ్ కారిన్,

అత్త ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావు కదూ. మన లైను మీద ఆరిళ్ళున్నాయి. నేను రిసీవరెత్తితే చాలు, ఆల్మా స్ట్రాండ్ ఊపిరి వినపడుతుంది. మొన్న మా లాయరు క్విస్ట్‌తో మాట్లాడుతుంటే మధ్యలో దూరి, "హిల్మా, విరిగింది కుడి కాలు కదా, ఎడమ అంటావేంటి?" అంది. ఎడమే. నా కాలు నాకు తెలీదూ? ఇకనుంచి కేసు సంగతులన్నీ కాగితం మీదే అన్నాడు క్విస్ట్.

విచారణకి తేదీ పడింది. సెప్టెంబరు 19, సోమవారం, పొద్దున తొమ్మిదింటికి. నేను వాదిని, చేపల గుడిసె మన పాత స్నేహితుడు ఆర్విడ్‌ది కాబట్టి అతను ప్రతివాది, నువ్వు సాక్షివి. పోయిన చలికాలం నేను చెరువు మీద పడ్డప్పుడు నా వెనకాల ఉన్నది నువ్వొక్కదానివే.

క్విస్ట్ నిన్ను అడగబోయేది పెద్దగా ఏమీ లేదు. గడ్డకట్టిన చెరువు మీద చేపల గుడిసె జరిపినవాడు, చేపల కోసం మంచులో తొలిచిన పాత కన్నం పక్కన గుర్తుగా కొమ్మ పాతాలి. తెల్లారేసరికి దాని మీద పల్చటి పొర కడుతుంది, ఆపైన మంచు రాలుతుంది, అక్కడ కన్నముందని ఇక దేవుడికి కూడా తెలీదు. ఆ రోజు కొమ్మ ఉందా అంటాడు, లేదు అనాలి. అంతే. తొడదాకా దిగి, మోకాలి కింద ఎముక రెండు ముక్కలై, బుట్టెడు యాలకుల రొట్టెలు నీళ్ళపాలైన సంగతి నేను చెప్పుకుంటాను.

దావా ఆర్విడ్ మీద కాదని ఊరందరికీ తెలుసు. అతని ఇంటి బీమా కంపెనీ మీద. కానీ కాగితం మీద మనిషి పేరే రాయాలట. దావా వేసిన రోజు నన్ను కోర్టుకి తీసుకెళ్ళింది కూడా ఆర్విడే. పిండికట్టుతో నేను కారు నడపలేను కదా. దారిలో ఒకటే మాట. "హిల్మా, కంపెనీ దగ్గర ఎంత కావాలంటే అంత గుంజుకో. నాకు సంతోషమే. కానీ నేను కొమ్మ పాతలేదని మాత్రం అనకు. పాతాను."

పాతితే ఏమైందయ్యా అంటే, అదే నాకూ అంతుపట్టడం లేదంటాడు. ఎరల కొట్టు దగ్గర కాఫీ తాగే మగాళ్ళు అతన్ని బతకనివ్వడం లేదు. కుర్చీ మీద కొమ్మ, బండి ముందు కొమ్మ, ఉత్తరాల డబ్బాలో కొమ్మ. నలభై ఏళ్ళు ఈ చెరువు మీద తిరిగినవాడికి అదెంత నామర్దానో నీకు తెలీదు.

మళ్ళీ గది మార్చావా? నీ పోయిన ఉత్తరం కవరు మీద పాత చిరునామా కొట్టేసి ఉంది.

నీ అత్త
హిల్మా


మినియాపొలిస్
ఆగస్టు 29

ప్రియమైన అత్తా,

గదే కాదు, ఉద్యోగం కూడా మార్చాను. ఇప్పుడు విత్తనాలు పరీక్షించే చోట ఉన్నాను. తడి కాగితం మీద వంద బార్లీ గింజలు పరిచి, ఎన్ని మొలిచాయో రోజూ లెక్కపెట్టడం నా పని. నాలుగేళ్ళు వృక్షశాస్త్రం చదివింది ఇందుకేనా అని ఆ మొలవని గింజలు నన్ను అడుగుతున్నట్టుంటుంది. మా పై అధికారి గుండీలన్నీ బిగించుకుని కూర్చుంటాడు, తుమ్మినా రిజిస్టర్లో రాస్తాడు. చేరి మూడు వారాలు కాలేదు. సెలవంటే ఏం మొహం పెట్టుకుని అడగను?

పైగా జ్ఞానదంతం ఒకటి సరిగ్గా ఇప్పుడే పొడుచుకొస్తోంది.

అత్తా, సాక్షి లేకపోయినా కేసు నడవదా? పోనీ కొన్నాళ్ళు వాయిదా అడగమని క్విస్ట్ గారికి చెప్పు. నేను చూసిందాన్లో పెద్ద విశేషమేమీ లేదు. నువ్వు నడుస్తున్నావు, తరవాత పొట్టిగా అయిపోయావు. కాలి కంటే ముందు రొట్టెల కోసం కేక పెట్టావు.

ఆర్విడ్ తాత కొమ్మ గురించి ఇంకా ఏమైనా అన్నాడా? ఎలాంటి కొమ్మ, ఎక్కడ నుంచి తెచ్చాడు, అలాంటివి? ఊరికే అడుగుతున్నాను.

నీ కారిన్


నెటిల్ లేక్
సెప్టెంబరు 20

కారిన్,

నీ పంటి పుణ్యమా అని నిన్న కోర్టులో జరిగింది విను.

"ముఖ్య సాక్షి ఉద్యోగంలో కొత్తగా చేరినందున, దంతబాధ ఉన్నందున" అని క్విస్ట్ అర్జీ చదివాడు. జడ్జి బ్రెకె కళ్ళజోడు కిందికి దించి, "బాధ ఏ పన్నుకి?" అన్నాడు. జ్ఞానదంతమన్నాను. "ఇంకా రాలేదన్నమాట" అని ఒప్పేసుకున్నాడు.

కొత్త తేదీ మీరే చెప్పండని బీమా కంపెనీ లాయరుని అడిగాడు. ఆయన థర్స్టన్, పట్నం మనిషి, చెప్పుల మీద బురద పడకుండా నడుస్తాడు. డైరీ తిరగేసి నవంబరు 14 అన్నాడు. జడ్జి సరే అన్నాడు, గుమాస్తా రాసేశాడు. రాసి పెన్ను కింద పెట్టలేదు.

"నవంబరు 14 అంటే..." అన్నాడు గుమాస్తా.

"సోమవారం" అన్నాడు థర్స్టన్.

"జింకల వేట మొదలయ్యే సోమవారం" అన్నాడు గుమాస్తా, చావు కబురు చెప్పినట్టు.

"అయితే?"

జడ్జి ఆయన్ని జాలిగా చూశాడు. "థర్స్టన్ గారూ, ఆ రోజు మీకు పన్నెండుమంది జ్యూరీ కావాలంటే అడవిలో చెట్లకి కట్టిన వేట మంచెల మీద వెతుక్కోవాలి. మొదట నన్ను దింపాలి."

అలా పది నిమిషాల్లో రెండు వాయిదాలు. ఇప్పుడు జనవరి 16.

ఆర్విడ్ నన్ను గేటు దగ్గర దింపి అన్నాడు, "హిల్మా, జనవరి అంటే చెరువు గడ్డకట్టి నెల దాటుతుంది. కోర్టు తేలేదాకా నేను గుడిసె వెయ్యను. ఏ మొహంతో వేస్తాను? కన్నం వదిలేసి పోయే మనిషిని కదా నేను."

డెబ్భై నాలుగేళ్ళు అతనికి. గుడిసె వెయ్యని చలికాలం ఇంతవరకూ లేదు. పెళ్ళైన వారం కూడా వేశాడు, దానికి వాళ్ళావిడ చచ్చేదాకా సాధించింది.

కొమ్మ ఏ చెట్టుదని అడిగావు కదా. ఫర్, క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకునే చెట్టు. వాళ్ళ పెరట్లోదే. ఎందుకు?

హిల్మా


మినియాపొలిస్
అక్టోబరు 30

ప్రియమైన అత్తా,

ఊరికే అడిగానన్నానుగా.

బార్లీ గింజలకి సెలవు చెప్పేశాను. ఇప్పుడు పూల దుకాణంలో ఉన్నాను. పెళ్ళికీ చావుకీ ఒకటే తెల్ల పూలు, రిబ్బను మారుతుందంతే. నిన్న రెండూ తారుమారయ్యాయి. పెళ్ళికూతురు తల్లికి శాశ్వత విశ్రాంతి కోరుతూ ఒక పూల చక్రం వెళ్ళింది. ఆవిడ బాగుందందిట, పెళ్ళి పనుల్లో అంత అలిసిపోయింది కాబోలు. నా తప్పు కాదు. పూర్తిగా కాదు.

ఆర్విడ్ తాతని గుడిసె వెయ్యమను అత్తా. బతిమాలు. కోర్టు వేరు, చేపలు వేరు. ఎవరో నవ్వారని మానేస్తారా? నేను చెప్పానని చెప్పు. వద్దులే, నేను చెప్పానని చెప్పకు.

ఒకటి అడగనా? ఒకవేళ కొమ్మని ఎవరో తీసేశారనుకో. తెలియక. అప్పుడు చట్టం ఏమంటుంది? క్విస్ట్ గారు ఎప్పుడైనా తీరిగ్గా ఉంటే అడుగు. పేర్లు చెప్పకుండా అడుగు.

నీ కారిన్


నెటిల్ లేక్
డిసెంబరు 18

కారిన్,

చెరువు గడ్డకట్టి పదిహేను రోజులైంది. మొన్నటికి ఇరవై మూడు గుడిసెలు లేచాయి. ఎలా తెలుసంటావా? ఆర్విడ్ రోజూ పొద్దున్నే వచ్చి నా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెడుతున్నాడు. "జోహాన్సన్ మరీ ఒడ్డుకి వేశాడు, వాడికి కప్పలు పడతాయి." "అదిగో, ఆ పచ్చ గుడిసె నేను వేసే చోటే వేశారు." కాఫీ చల్లారిపోతుంది, తాగడు. అతని గుడిసె వాళ్ళ పెరట్లో బోర్లా పడి ఉంది. దాని మీద మంచు కూడా దులపలేదు.

ఇవాళ పొద్దున చర్చిలో పాస్టరు పాపం మామూలుగానే, దారి తప్పినవాళ్ళకి గుర్తులు పెట్టేవాడు దేవుడు అన్నాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆర్విడ్ లేచి వెళ్ళిపోయాడు. బయట చలి సున్నాకి ఇరవై కింద. పావుగంట తన బండిలో కూర్చున్నాడు, నేనొచ్చేదాకా. ఎందుకంటే నన్ను ఇంట్లో దింపాలి కదా.

నువ్వడిగింది క్విస్ట్‌ని అడిగాను, పేర్లు లేకుండా. ఎవరో తీసేస్తే ఆర్విడ్ తప్పు లేనట్టే, కంపెనీ ఒక్క డాలరు ఇవ్వక్కర్లేదు, మనం ఓడిపోతాం అన్నాడు. "ఎవరు తీస్తారు, హిల్మా? ఈ ఊళ్ళో పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు" అన్నాడు.

అవును, ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చెయ్యరు అన్నాను.

చలి బట్టల పెట్టె మొన్న తీశాను. పోయినేడు నువ్వు వదిలేసి వెళ్ళిన ఉన్ని చేతితొడుగు ఒకటి దొరికింది. కుడిచేతిది. పంపమంటావా, వచ్చినప్పుడు తీసుకుంటావా?

హిల్మా


మినియాపొలిస్
జనవరి 3, 1967

ప్రియమైన అత్తా,

చాలా ఘోరమైంది. నాకు గవదబిళ్ళలు. రెండు బుగ్గలూ. పదహారో తేదీకి రాలేను, అంటుకుంటుంది. జడ్జి గారికి అంటుకుంటే ఎంత ప్రమాదం! నా క్షమాపణలు చెప్పి ఇంకొక్క వాయిదా అడగమను.

చేతితొడుగు అక్కడే ఉండనీ.

కారిన్


నెటిల్ లేక్
జనవరి 7

కారిన్,

అర్జీ పట్టుకుని క్విస్ట్ వెళ్ళాడు, వెనకాల నేనూ వెళ్ళాను. జడ్జి రెండుసార్లు చదివాడు.

"పోయినసారి పన్ను. ఈసారి బుగ్గలు. క్విస్ట్ గారూ, మీ సాక్షికి జబ్బులన్నీ నోటి చుట్టూనే వస్తాయా?"

"కాకతాళీయమండీ."

"గవదబిళ్ళలు ఎన్నేళ్ళ పిల్లకి?"

"ఇరవై నాలుగు."

జడ్జి అర్జీ మడిచి పక్కన పెట్టాడు. తరవాత, డాక్టరు చేత రాయించి, ఆ పిల్ల నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం రావాలి, అప్పుడు ఆలోచిస్తాను అన్నాడు. కాగితం పదమూడో తేదీలోగా అందాలి. లేకపోతే పదహారున విచారణ జరిగి తీరుతుంది.

బయటికొచ్చాక క్విస్ట్ నన్నడిగాడు, "హిల్మా, ఆ పిల్లకి నిజంగా గవదబిళ్ళలేనా?" అని. నీకు నాలుగేళ్ళప్పుడు మా ఇంట్లోనే వచ్చాయి, మూడు వారాలు నా మంచం మీదే పడుకున్నావు, బంగాళాదుంపల పులుసు తప్ప ఏదీ మింగలేదు. అవి రెండోసారి వస్తాయో రావో నాకేం తెలుసు, నేను డాక్టర్ని కాదు అన్నాను.

ప్రమాణం అంటే కుడిచెయ్యి ఎత్తాలట. నీకు తెలుసనుకో.

హిల్మా


మినియాపొలిస్
జనవరి 10

అత్తా,

గవదబిళ్ళలు లేవు. జ్ఞానదంతం కూడా లేదు, అది కాలేజీలో ఉండగానే పీకించుకున్నాను. నీ ఉత్తరం చదివి నిజంగానే నోటరీ ఆఫీసు దాకా వెళ్ళాను. మెట్లెక్కాను. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి గడ్డి చాప ఉంది. దాన్ని చూడగానే కిందికి దిగొచ్చేశాను. ఎందుకో చెప్తాను.

ఆ కొమ్మ నేను పీకాను.

ఆ రోజు పొద్దున నువ్వింకా రొట్టెలు పొయ్యిలోంచి తియ్యలేదు, గుర్తుందా? గుడిసె వెచ్చబెట్టి వస్తానని నేను ముందు వెళ్ళాను. ఆర్విడ్ తాత ఎరల కోసం కొట్టుకెళ్ళాడు. గుమ్మం ముందు మోకాలెత్తు మంచు, తలుపు తెరుచుకోవడం లేదు, చీపురు లేదు. చుట్టూ చూస్తే ఇరవై అడుగుల దూరంలో నున్నటి తెల్లటి చెరువు మధ్యలో ఒక కొమ్మ నిలబడి ఉంది. అత్తా, నేనది బాల్సమ్ ఫర్ అని గుర్తుపట్టాను. సూదుల అడుగున రెండు తెల్ల గీతలుంటాయి, చూసి మరీ నిర్ధారణ చేసుకున్నాను. లాటిన్ పేరు కూడా పైకి అన్నాను. పరీక్షలో దానికి నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఇది చెరువు మధ్య ఎందుకుంది అన్న ఒక్క ప్రశ్న మాత్రం రాలేదు నాకు. పిల్లలెవరో ఆడుకుని వదిలేశారనుకున్నాను.

దాంతో గుమ్మం ఊడ్చాను. బల్ల ఊడ్చాను. తరవాత మంట అంటుకోకపోతే విరిచి పొయ్యిలో పెట్టాను. ఎంత బాగా మండిందనుకున్నావు! గుడిసంతా క్రిస్మస్ వాసన. వచ్చి నిన్ను పిలుచుకెళ్ళాను. నువ్వు తిన్నగా గుడిసె వైపు నడిచావు.

ఆర్విడ్ తాత పరిగెత్తుకొచ్చి, నిన్ను లేవదియ్యక ముందే "నా కొమ్మ ఏది? ఎవరు తీశారు నా కొమ్మ?" అని అరిచాడు చూడు, అప్పటిదాకా నాకు తెలియదు. అప్పుడు తెలిసింది. పొయ్యిలో అదింకా చిటపటలాడుతూనే ఉంది.

ఆ రోజే చెప్పాల్సింది. నీ కాలు చూసి నోరు పెగల్లేదు. తరవాత క్విస్ట్ గారొచ్చి, పడ్డప్పుడు కొమ్మ ఉందా అని అడిగాడు. లేదన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే అన్నిటికంటే దరిద్రంగా ఉంది. తేదీ వచ్చినప్పుడల్లా ఈసారి కాదు, ఇంకొక్కసారి అనుకున్నాను. నేను వాయిదా వేసిన ప్రతిసారీ ఆయన గుడిసె పెరట్లోనే ఉండిపోతుందని నువ్వు రాస్తూ వచ్చావు.

నా వల్ల నువ్వు ఓడిపోతావు. ఆస్పత్రి బిల్లు నెలనెలా నేను కడతాను, ఈ ఉద్యోగంలో కాకపోతే తరవాతి దాన్లో. ఇక వాయిదా అడగొద్దు. పదహారున వస్తున్నాను. కుడిచెయ్యి ఎత్తుతాను.

నన్ను తిట్టు. కానీ గేటు దగ్గరే తిట్టి పంపెయ్యకు.

కారిన్


నెటిల్ లేక్
జనవరి 11

కారిన్,

ఇక ఏ కాగితమూ పంపక్కర్లేదు. వాయిదా నేనే తెచ్చాను.

క్విస్ట్‌కి చెప్పకుండా నిన్న నేనొక్కదాన్నే జడ్జి గదికి వెళ్ళి, కాలు మళ్ళీ సలుపుతోంది, ఆ చెక్క బల్ల మీద రోజంతా కూర్చోలేనన్నాను. "హిల్మా గారూ, మీరు మెట్లు ఎక్కి రావడం కిటికీలోంచి చూశాను. రెండేసి ఎక్కారు" అన్నాడు. సలుపుతున్నప్పుడు తొందరగా ఎక్కేస్తేనే నయమన్నాను. ఏప్రిల్ 17 ఇచ్చాడు. ఇదే ఆఖరు, మీలో ఎవరు చచ్చినా సరే విచారణ మాత్రం ఆగదు అన్నాడు.

నీ కోసమేమీ కాదు. కాలు సలుపుతోంది.

హిల్మా


నెటిల్ లేక్
జనవరి 13

పిచ్చిమొద్దూ,

నేను వాయిదా తెచ్చిన మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ఇంకొక్క రోజు ముందు రాయడానికి నీకేం రోగం?

నాకు తెలుసే. డిసెంబరు నుంచీ తెలుసు. నీ చేతితొడుగు అరచెయ్యంతా జిగురు, అందులో ఎనిమిది ఫర్ సూదులు. వెన్న రాస్తే పోతుందని రాశాను, పోలేదు. అప్పుడు పోయినేడు ఆ గుడిసె పొయ్యిలోంచి వచ్చిన వాసన గుర్తొచ్చింది. ఆర్విడ్ పొయ్యిలో పెట్టేది బర్చ్ కట్టె ఒక్కటే.

మరి ఎందుకు చెప్పలేదంటావు. నేను చెప్తే అది చాడీ, నువ్వు చెప్తే సాక్ష్యం. ఈ కేసు ఎలాగూ జ్యూరీ ముందుకి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. కానీ నువ్వు నోరు విప్పుతావని ఎదురుచూశాను. ఆ కాలు సలపడం కూడా అందుకే. ఈలోగా మూడు వారాలపాటు ఆర్విడ్‌కి నా కిటికీ దగ్గర కాఫీ పోస్తూ, అతను గుడిసెలు లెక్కపెడుతుంటే వింటూ కూర్చున్నాను. అది నా పాపం, నీది కాదు. నాకు అంత హక్కు లేదు.

నీ ఉత్తరం ఆర్విడ్ చేతిలో పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకోలేదంటే నేనే చదివాను. పొయ్యి దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఊడ్చిందా?"

"ఊడ్చింది."

"నా కొమ్మతో?"

"అవును ఆర్విడ్."

తిడతాడనుకున్నాను. లేచి నా వంటింట్లో అటూ ఇటూ మూడుసార్లు నడిచాడు. "పాతానన్నానా లేదా? హిల్మా, నేను పాతానన్నానా లేదా?" అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఏడుపో నవ్వో తెలియలేదు. నీ మీద కోపం లేదా అంటే, "ఆ పిల్లకేం తెలుసు, దానికి చదువుకోవడం సరిపోయింది" అన్నాడు.

వెంటనే క్విస్ట్ దగ్గరికెళ్ళి దావా వెనక్కి తీసుకుంటానన్నాను. ఇక్కడే చిక్కొచ్చింది. ఆర్విడ్ ఒప్పుకోడు! "ఇప్పుడు మానేస్తే, పాత స్నేహం కొద్దీ హిల్మా వదిలేసిందంటారు. కొమ్మ సంగతి ఎవడికి తెలుస్తుంది? కోర్టులో, జ్యూరీ ముందు, ఆ పిల్ల నోటితో రావాలి. అదీ చెరువు మీద మంచు ఉండగానే" అని బల్ల గుద్దాడు. ఏప్రిల్‌కి మంచంతా కరిగి నీళ్ళైపోతుంది.

ముగ్గురం జడ్జి దగ్గరికి వెళ్ళాం, మొన్న ఇచ్చిన ఏప్రిల్ తేదీని మంచు కరగక ముందుకి మార్చమని. ఆయన ముందు పెన్ను కింద పెట్టాడు. తరవాత కళ్ళజోడు. "ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. వాయిదా కావాలని ఏడ్చినవాళ్ళని చూశాను. దావా వేసినావిడ ఓడిపోవడానికి తొందరపడటం, ఆవిడ వెనక్కి తీసుకోకూడదని ప్రతివాది పట్టుబట్టడం, ఇది మాత్రం..." అని ఆగి, "ఆ బాలికకి నోరు నయమైందా?" అన్నాడు.

అయిందన్నాను.

ఫిబ్రవరి 6. రాకపోయావో, నీ గదికొచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను. రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి.

గేటు దగ్గర ఎవరు తిడతారే. యాలకుల రొట్టెలు చేస్తాను.

అత్త


నెటిల్ లేక్
ఫిబ్రవరి 20

కారిన్ తల్లీ,

నువ్వు బస్సెక్కాక జరిగినవి రాయమన్నావు.

ముందు నీ సంగతి. బోనులో పాలిపోయి నిలబడ్డావు గానీ గొంతు వణకలేదు. లాటిన్ పేరు చెప్పాల్సిన అవసరం లేదు. గుమాస్తా ఇప్పటికీ దాన్నెలా రాయాలో అందరినీ అడుగుతున్నాడు. "చెరువు మధ్య చెట్లు మొలవవని కాలేజీలో చెప్పలేదా?" అని జడ్జి అడిగినప్పుడు, "అది రెండో ఏడాది పాఠమండీ, ఆ రోజు నేను వెళ్ళలేదు" అన్నావు చూడు, జ్యూరీలో ఉన్న జోహాన్సన్ ముక్కు చీదినట్టు నవ్వాడు. వాడే పోయినేడంతా ఆర్విడ్ కుర్చీ మీద కొమ్మలు పెట్టింది.

దావా కొట్టేశారన్నాక నువ్వు వెళ్ళిపోయావు. ఆర్విడ్ కదలలేదు. లేచి, "అయ్యా, కొట్టేస్తే చాలదు. కొమ్మ పాతాడు అని రాయించండి" అన్నాడు. అలాంటి పద్ధతి లేదన్నాడు జడ్జి. ఆర్విడ్ అక్కడే నిలబడ్డాడు. అయిదు నిమిషాలకి జడ్జి, "రాయండి. ప్రతివాది కొమ్మ పాతాడు. బాగా పాతాడు" అన్నాడు. ముద్ర వేసిన కాపీ ఇప్పుడు ఎరల కొట్టులో గోడ మీద పటం కట్టి ఉంది.

థర్స్టన్ వచ్చి, మనం గెలిచామండీ అని చెయ్యి చాచాడు. ఆర్విడ్ ఆ చెయ్యి పట్టుకుని, "ఏడాదిగా నా తరఫున వాదించావు. ఒక్కరోజైనా నన్ను నమ్మావా?" అన్నాడు. "నమ్మడం నా పనిలో లేదండీ" అన్నాడతను. "పాపం" అన్నాడు ఆర్విడ్. అతన్ని చేపలకి రమ్మని పిలిచాడు కూడా.

అదే రోజు మధ్యాహ్నం గుడిసె చెరువు మీదికెక్కింది. లాగడానికి ఎనిమిదిమంది మగాళ్ళొచ్చారు, పిలవకుండానే. జోహాన్సన్ ముందు తాడు పట్టుకున్నాడు. గుడిసెలు తీసెయ్యడానికి ఇంక మూడు వారాలే గడువు, అయినా వేశాడు. రెండు చోట్లకి జరిపాడు కూడా. చేపల కోసం కాదని నా అనుమానం, కొమ్మలు పాతడం అందరూ చూడాలని. ఒక్కో కన్నం చుట్టూ ఏడెనిమిది పాతాడు. దూరం నుంచి చూస్తే తోటలా ఉంది.

ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడాను, సగం నీది, సగం నాది. క్విస్ట్ మాత్రం ఇప్పుడు నీ మీద దావా వెయ్యొచ్చంటున్నాడు. ఆలోచించాను. నీ దగ్గర వసూలు చెయ్యడానికి ఏముంది, మొలవని బార్లీ గింజలు తప్ప? కాబట్టి విచారణ మా వంటింట్లోనే. మార్చి 4, శనివారం, పొద్దున తొమ్మిదింటికి. ఆర్విడ్ జ్యూరీ. శిక్ష కూడా ముందే రాసేశాం: వచ్చే చలికాలం మొదలుకొని గుడిసె ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లు కొమ్మలు నువ్వే పాతాలి.

ఆర్విడ్ నీకొకటి పార్శిల్ పంపాడు. ఏమిటని అడక్కు, దానికే తెలుస్తుందన్నాడు. చేతితొడుగు కూడా అందులోనే పెట్టాను. జిగురు పోలేదు.

అత్త


మినియాపొలిస్
ఫిబ్రవరి 27

ప్రియమైన అత్తా,

పార్శిల్ అందింది. నా చెయ్యంత పొడుగు ఫర్ కొమ్మ, మొదలు చక్కగా చెక్కి ఉంది. దానికి వేలాడే అట్టముక్క మీద ఆర్విడ్ తాత పెద్ద అక్షరాలతో "ఇది ఎందుకంటే" అని రాసి, కింద ఏమీ రాయకుండా వదిలేశాడు. అరగంటసేపు నవ్వాను. ఆ తరవాత కాసేపు నవ్వలేదు.

దాన్ని గుమ్మం బయట ఆనించి, తలస్నానానికి లోపలికెళ్ళాను. పొద్దున్నించీ మంచు పడుతూనే ఉంది. మెట్ల మీద గరగరమని చప్పుడు. కిటికీలోంచి తొంగి చూస్తే మా ఇంటావిడ, పాటేదో పాడుకుంటూ, నా కొమ్మతో మెట్లు ఊడుస్తోంది.

అత్తా, తలకి తువ్వాలుతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాను. "నా కొమ్మ! ఎవరు తియ్యమన్నారు నా కొమ్మ?" అని అరిచాను. ఎదురింటివాళ్ళు తలుపులు తెరిచారు. ఇంటావిడ బిక్కచచ్చి, "చీపురు కనపడలేదమ్మా, ఇది ఇక్కడ ఊరికే ఉందనుకున్నాను" అంది.

ఆవిణ్ణి నేనేమని తిట్టను?

కొమ్మ దులుపుకుని లోపలికి తెచ్చుకున్నాను. మార్చి 4 పొద్దున్నే వచ్చే బస్సుకి టికెట్ కొన్నాను. నా పళ్ళు, బుగ్గలు అన్నీ బాగున్నాయి.

వాయిదా అడగడం లేదు.

నీ కారిన్